దారి ఎవరిది?

ఇరుకైన త్రోవలో ఇద్దరు ఎదురెదురుగా వచ్చినప్పుడు ఎవరు తొలగవలయును? ప్రశ్న చిన్నది. కాని మన పూర్వులు దీనిని చిన్నదిగా ఎంచలేదు. వేటాడి అలసి వచ్చుచున్న కల్మాషపాద మహారాజునకు, వసిష్ఠుని కుమారుడైన శక్తికి అడవిదారిలో సంభవించిన వివాదము ఇదియే. ఒకడు రాజునను గర్వముతో నిలిచెను. ఇంకొకడు తపస్వినను గర్వముతో నిలిచెను. రాజు కొరడాతో కొట్టెను, ముని శపించెను, రాజు రాక్షసుడై మొట్టమొదట ఆ శక్తినే భక్షించెను. ఆదిపర్వములోని ఈ కథలో ఇద్దరికిని తమ హక్కును గూర్చి లేశమైనను సందేహము లేదు. ఇద్దరికిని కీడు మూడుటకు ఆ నిస్సందేహమే కారణము.

భూమిమీద త్రోవకు అంచులున్నవి. ఎవరు ఏవైపున నడవవలయునో వాడుక చెప్పును, వాడుక చెప్పనిచో రక్షకభటుడు చెప్పును. సముద్రముమీద త్రోవ యనునది లేదు. అన్నివైపులకును దారియే; అందుచేతనే, రెండు పడవలు ఎదురుపడిన ప్రతిసారియు పై ప్రశ్న క్రొత్తగా పుట్టుచుండును. తరతరముల నావికులు ప్రాణములు పోగొట్టుకొని నేర్చిన సమాధానములను క్రోడీకరించి, 1972లో లండనులో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఒక నియమావళిగా ప్రకటించినది. 1977 జూలై నుండి అది అమలులో నున్నది. ఓడలు ఒండొంటిని తాకకుండుటకై వ్రాసిన ఆ నియమములను ధర్మశాస్త్రమని ఎవరును పారాయణ చేయరు. కాని చిన్న పడవలో ఒక్క దినము గడపి చూచినవారికి వాటి అడుగున ఒక ధర్మము ప్రవహించుచున్నట్లు తోచక మానదు.

అట్టి ఒక దినమును ఊహించుకొనవచ్చును. స్థలము కొచ్చి. ఎర్ణాకుళమునకు ఎదురుగా, వెంబనాడు సరస్సు సముద్రముతో కలియు నీళ్లలో, బోల్‌గాట్టి యను దీవి కలదు. 1744లో డచ్చివారు అచ్చట ఒక భవనము కట్టించిరి. తరువాత అది బ్రిటిషు రెసిడెంటుల నివాసమై, నేడు యాత్రికుల వసతిగృహముగ నున్నది. ఆ ఆవరణములోనే 2010లో విహారనౌకల కొరకు ఒక మెరీనా వెలసినది. మెరీనా యనగా పడవలకు సత్రము వంటిది. నీటిపై తేలియాడు కాలిబాటలు, వాటి కిరుప్రక్కల పడవలను కట్టు చోట్లు, ఒక్కొక్క చోటికి మంచినీటి కొళాయి, విద్యుత్తు, అంతే. పోటు వచ్చినప్పుడు కాలిబాటయు పడవయు కలిసి లేచును. పాటు వచ్చినప్పుడు కలిసి దిగును.

అచ్చట కట్టియున్న తొమ్మిది మీటర్ల తెరచాప పడవలో నడివయస్సు దాటిన దంపతులు ఇద్దరు. ఆయన కళాశాలలో గణితము బోధించి విరమించినవాడు. ఆమె బ్యాంకులో పనిచేసి విరమించినది. డిసెంబరు మొదలు మార్చి వరకు, సముద్రము శాంతముగ నుండు నాలుగు నెలలు, వారి కాపురము పడవలోనే. ఇంటిలో ఐదు గదులున్నను చాలని వస్తువులు ఇచ్చట రెండు అరలలో సర్దుకొన్నవి. ఇంటిలో ముప్పది ఏండ్లుగా తేలని తగవులు కొన్ని ఇచ్చట స్థలము చాలక తమంత తామే తగ్గినవి.

పడవ లోపలి గదిలో ఇద్దరు ఒకరినొకరు దాటిపోవుటకు వీలులేదు. ఒకరు కూర్చుండిననే గాని ఇంకొకరు నడవలేరు. ఎవరు కూర్చుండవలయును? మొదటి సంవత్సరము ఈ విషయమై విసుగులు, మౌనములు, రెండు పూటల ఉపవాసము కూడ జరిగినవి. పిమ్మట ఎవరును వ్రాయని శాసనమొకటి ఆ గదిలో ఏర్పడినది: చేతిలో వేడి పాత్ర ఉన్నవారిది దారి. కాఫీ గిన్నెతో ఆయన వచ్చినచో ఆమె ఒదుగును. గంజి వార్చుటకు ఆమె లేచినచో ఆయన కాళ్లు ముడుచుకొనును. ఇందులో భర్త యనియు భార్య యనియు లేదు. పాత్ర చేయి మారినచో హక్కును చేయి మారును.

తెల్లవారుజామున నేల చల్లబడియుండును గనుక గాలి నేలనుండి సముద్రముమీదికి వీచును. మధ్యాహ్నమునకు నేల వేడెక్కి గాలి మరలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఈ తీరమున తెరచాపలవారు ఉదయము ఒక గాలితో పోయి, సాయంకాలము ఒక గాలితో వచ్చుట ప్రకృతి యిచ్చిన సౌకర్యము. ఆ దినమునను దంపతులు చీకటితోనే లేచిరి. ఆయన మోకులు విప్పెను, ఆమె చుక్కాని పట్టెను. ఆయన మోకాలు నొప్పి కలవాడైనను మోకుల పని వదలుకొనడు; ఆమె చూపు ఆయన చూపుకన్న మేలైనది గనుక చుక్కాని ఆమెది. ఈ పంపకమును కూడ నిర్ణయించినది పెద్దరికము కాదు, శక్తి.

రేవు లోపల వారు యంత్రము నడిపించుచు పోయిరి. కుడిప్రక్క వల్లార్పాడము దీవిపై ఓడలకు సరకులెత్తు క్రేనులు దీపములతో నిలిచియున్నవి. ఎడమప్రక్క రేవులోని బురద తవ్విపోసి నిర్మించిన విల్లింగ్డన్ దీవి. జనులను చేరవేయు పడవలు అడ్డముగా సాగిపోవుచున్నవి. ముందు ఫోర్టు కొచ్చి ఒడ్డున చీనా వలలు పెద్ద సాలీళ్లవలె నీటిపైకి వంగియున్నవి. ఫోర్టు కొచ్చికిని వైపిన్ దీవికిని నడుమ గల ముఖద్వారము దాటగానే సముద్రము. అచ్చట ఆయన తెరచాప ఎత్తెను; ఆమె యంత్రము ఆపెను. ఒక్కసారిగ నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దము కొరకే కదా మనుష్యులు ఇట్టి పడవలు కొనుక్కొందురు!

ఆ ఒక్క క్షణములో, ఎవరికిని తెలియకుండ, వారి పడవయొక్క స్థితి చట్టము దృష్టిలో మారిపోయినది. యంత్రముతో నడచుచున్నంతసేపు అది యాంత్రిక నౌక; తెరచాప పడవ ఎదురైనచో తానే తొలగవలయును. యంత్రము ఆపి గాలిని నమ్ముకొన్న క్షణమునుండి అది తెరచాప నౌక. బహిరంగ సముద్రమున యాంత్రిక నౌకలే దానికి దారి యీయవలయును. ఏలయన గాలిని నమ్ముకొన్నవాడు ఇష్టమువచ్చినవైపు తిరుగలేడు. మరల మీట నొక్కినచో, తెరచాప విప్పియే యున్నను, ఆ హక్కు పోవును.

ఈ తెరచాప నౌకయైనను వలవేసి పనిలో నున్న చేపల పడవ కనబడినచో తొలగవలయును. వల నీటిలో నున్నవాడు దానిని విడిచి తిరుగలేడు. అతనికన్నను నిస్సహాయుడు, చుక్కాని విరిగియో మరి యే కారణముననో తన నౌకపై అధికారము కోల్పోయినవాడు. అతనికి అందరును తొలగవలయును. ఇది నియమావళి యేర్పరచిన క్రమము. దీనిని నిదానించి చూచినచో ఒక సంగతి తేటపడును. ఇందులో యజమాని సంపద లెక్కకు రాలేదు, జెండా రాలేదు, పదవి రాలేదు. తిరుగగల శక్తి యొక్కటియే కొలమానము. ఎవడు సులభముగ తొలగగలడో వాడు తొలగవలయును.

ఒడ్డు కనుమరుగు కాకముందే ఆ దంపతులకు ఈ సూత్రము పరీక్షగ ఎదురైనది. ముందొక పెద్ద వళ్ళము. అనగా ఆ తీరపు చేపల పడవ. ఇరువదిమందికి పైగా మనుష్యులు దానిలో ఒకవైపున వరుసగా నిలిచి చుట్టువల లాగుచున్నారు. మత్తి యని అచ్చటివారు పిలుచు చిన్న చేపల కొరకు ఆ శ్రమ. వల అంచున బెండ్లు నీటిపై పెద్ద వలయముగ తేలుచున్నవి. గాలి అనుకూలముగ నున్నది. పడవ చక్కని వేగమున నున్నది. ఇట్లే పోయినచో ఆ వలయము అంచునకు మిక్కిలి దగ్గరగా పోవలసి వచ్చును. తప్పించుకొనవలెనన్న గాలికి అడ్డముగ తిరిగి, వేగము చంపుకొని, అరగంట నష్టపోవలయును.

"కొంచెం పక్కగా పోతే సరిపోతుందేమో, చూడు. ఇంత మంచి గాలి మళ్లీ దొరకదు" అని ఆయన అనెను.

ఆమె అప్పటికే చుక్కాని త్రిప్పివేసినది. కొంచెము కాదు, బాగుగ త్రిప్పినది. తెరచాప పటపట కొట్టుకొని పడవ మందగించినది. వలయమునకు చాల దూరముగ చుట్టివచ్చి వారు వళ్ళమును దాటిరి. ఆయన మర్యాద కొరకు చేయి యెత్తి ఊపెను. వళ్ళములోనివా రెవరును తలయెత్తి చూడలేదు.

"మనం ఇంత చుట్టూ తిరిగి వచ్చామా, కనీసం ఒక్కడైనా చేయి ఊపలేదు, చూశావా?" అని ఆయన నొచ్చుకొనెను.

"వల లాగుతున్న చేతులతో నమస్కారం ఎట్లా పెడతారండీ?" అని ఆమె అనెను.

ఈ సమాధానములో దారి యిచ్చుట యను ప్రశ్న అంతయు ఇమిడియున్నది. ఆయన తొలగుటను దానమని తలచెను. దానము పుచ్చుకొన్నవాడు కృతజ్ఞత చూపవలయునని ఆశించెను. ఆమె తొలగుటను బాకీ తీర్చుటగ గ్రహించెను. బాకీ పుచ్చుకొన్నవాడు దండము పెట్టవలసిన పని లేదు. లోకములో మంచివారనిపించుకొన్నవారు చేయు పొరపాట్లలో ఇది తరచైనది: న్యాయముగ ఇయ్యవలసినదానిని దయగ ఇచ్చి, ఆ దయకు వడ్డీ అడుగుట.

మన ధర్మగ్రంథములు ఈ విషయమున ఏమి చెప్పినవి? మనుస్మృతి ద్వితీయాధ్యాయములో దారి యీయదగినవారి పట్టిక యొకటి కలదు. బండిపై పోవువాడు, తొంబది దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, వరుడు. ఈ పట్టికలో రెండు వేర్వేరు న్యాయములు ఒకే చాపపై కూర్చున్నవి. వృద్ధునికి, రోగికి, బరువు మోయువానికి తొలగుమనుట ఒక న్యాయము. అది వారి భారమును చూచి చెప్పినది. రాజునకును స్నాతకునకును తొలగుమనుట వేరొక న్యాయము. అది వారి స్థానమును చూచి చెప్పినది. వీరందరును ఒకచో కలిసినప్పుడు రాజు, స్నాతకుడు ముందనియు, ఆ యిద్దరిలో స్నాతకుడు ముందనియు గ్రంథము తీర్పు చెప్పును. అనగా భారమునకును స్థానమునకును పోటీ వచ్చినప్పుడు స్థానమే గెలిచినది. తలపై మూటతో నిలిచినవాడు, రాజు వచ్చినచో, మూటతోనే ప్రక్కకు దిగవలయును.

బౌద్ధ జాతకకథలలో మూడవ న్యాయమొకటి కనబడును. కాశీరాజు రథమును, కోసలరాజు రథమును పల్లపు ఇరుకుదారిలో ఎదురుపడినవి. సారథులిద్దరు తమ రాజుల వయస్సును, రాజ్యమును, సేనను, ధనమును, కీర్తిని, కులమును పోల్చి చూచిరి. అన్నియు సమానముగనే యున్నవి. చివరకు గుణమును పోల్చిరి. కోసలరాజు మంచివారిని మంచితనముతోను, చెడ్డవారిని చెడ్డతనముతోను జయించువాడు. కాశీరాజు కోపమును శాంతముతోను, చెడుగును మంచితోను జయించువాడు. ఇది వినగానే కోసలరాజు రథము దిగి, గుఱ్ఱములను విప్పించి, దారి యిచ్చెను. ఈ కథ హృదయమును కదలించును. కాని నిత్యజీవితమున దీనిని అమలుపరచుట కష్టము. గుణమును కొలుచు త్రాసు ఎవరి చేతిలో నున్నది? ప్రతివాడును తన సారథినే న్యాయాధిపతిగ నిలుపుకొనును.

స్థానము, గుణము, భారము: ఈ మూడింటిలో సముద్రము మూడవదానిని ఎన్నుకొన్నది. భారము కంటికి కనబడును. వల విప్పియున్నచో పగలు గుర్తులు, రాత్రి దీపములు చూపవలయును. ఆ గుర్తును చూచి ఎదుటివాడు తొలగును. వల పైకి లాగి, చేపలను నింపుకొని, యంత్రముతో ఇంటికి మరలినప్పుడు అదే వళ్ళము తెరచాప పడవకు తానే దారి యీయవలయును. జాలరియై పుట్టుటచే అతనికి హక్కు రాలేదు; వల వేసియుండుటచే వచ్చినది. భారము దిగినచో హక్కును దిగును. పుట్టుకను పట్టి వచ్చు హక్కునకును, బరువును పట్టి వచ్చు హక్కునకును గల భేదము ఇదియే. మొదటిది ఎన్నటికిని దిగదు. అందుచేతనే అది ఇతరుల తలమీద బరువై కూర్చుండును.

ఇది నీతి కాదు, కేవలము సౌకర్యమని ఆక్షేపింపవచ్చును. ఓడలు తాకకుండుటకు ఏదో యొక క్రమము కావలెను, ఏర్పరచుకొన్నారు, ఇందులో ధర్మమెక్కడ? నిజమే, క్రమము కావలెను. కాని ఎవరి సౌకర్యము ననుసరించి? బలవంతుడు నేరుగ పోవుట, బలహీనుడు తప్పుకొనుట కూడ ఒక క్రమమే. భూమిమీద అనేక యుగములు అది చెల్లినది. సముద్రము ఆ క్రమమును కాదని దీనిని స్వీకరించుటకు కారణము, తప్పుకొనలేనివానిని తప్పుకొనుమనుట నిష్ప్రయోజనమని అనుభవము నేర్పుట. సౌకర్యమునకు అడుగున అనుభవము, అనుభవమునకు అడుగున మునిగినవారు కలరు.

ఈ నియమావళిలో మరి రెండు సూక్ష్మములు గమనింపదగినవి. మొదటిది: తొలగువాడు ముందుగనే తొలగవలయును, ఎదుటివానికి స్పష్టముగ తెలియునంత తొలగవలయును. కొంచెము కొంచెముగ, తొలగియు తొలగనట్లు, మనస్సులో సణుగుచు తొలగుట తొలగకుండుటకన్న ప్రమాదకరము. ఎదుటివానికి మన యుద్దేశము తెలియదు. ఆమె చుక్కానిని బాగుగ త్రిప్పినది ఇందుకే. సంసారములో ఎన్ని రాజీలు ఈ లోపము వలన చెడిపోవుచున్నవో! సగము ఇచ్చి, ఆ సగమును పదిమార్లు లెక్కపెట్టుదుము.

రెండవది: హక్కు గలవాడు తన మార్గమును, వేగమును మార్చక సాగవలయును. మర్యాద పేర తానును తడబడి తిరిగినచో ఇద్దరును ఒకే వైపునకు వచ్చి కొట్టుకొందురు. ఉత్తరదేశమున లక్నో నవాబులను గూర్చి ఒక హాస్యకథ చెప్పుదురు. రైలుపెట్టె ద్వారము వద్ద ఇద్దరు నవాబులు నిలిచి 'పహలే ఆప్, పహలే ఆప్' అని, తమరు ముందనిన తమరు ముందని, ఒకరినొకరు బ్రతిమాలుకొనుచుండగ రైలు వెళ్లిపోయినదట. దారి పుచ్చుకొనుట కూడ ఒక బాధ్యత. కాని దీనికొక హద్దున్నది. తొలగవలసినవాడు తొలగుట లేదని తేటపడి, వాని ఒక్కని ప్రయత్నమున ప్రమాదము తప్పదని తోచినప్పుడు హక్కు గలవాడును తప్పక తిరుగవలయును. నాది న్యాయమని మునిగిపోవుటకు గాని ముంచుటకు గాని చట్టము అనుమతి నీయదు. కల్మాషపాదునికి, శక్తికి తెలియనిది ఈ వాక్యమే.

మధ్యాహ్నము దాటిన పిమ్మట గాలి మరలినది. దంపతులు రేవు వైపు త్రిప్పిరి. ముఖద్వారము సమీపించునప్పటికి వెనుకనుండి ఒక మహానౌక, మేడలు పేర్చినట్లు ఇనుపపెట్టెలు పేర్చుకొని, వల్లార్పాడమునకు పోవుచు వచ్చినది. తెరచాప పడవయైనను సరే, ఇట్టి ఇరుకు కాలువలో దాని దారికి అడ్డు రాగూడదు. దంపతులు కాలువ అంచునకు తప్పుకొని నిలిచిరి. పర్వతము వంటి ఆ గోడ మెల్లగ దాటిపోయినది.

"చూశావా! చివరికి పెద్దవాడిదే దారి" అని ఆయన నవ్వెను.

కాని ఇచ్చటను కారణము పెద్దతనము కాదు. ఆ రేవునకు వచ్చు పెద్ద ఓడల కొరకు కాలువను సుమారు 14.5 మీటర్ల లోతున తవ్వి యుంచవలసి వచ్చినది. ఆ గీత దాటినచో మహానౌక బురదలో కూరుకొనును. చిన్న పడవకు రెండు మీటర్ల నీరు చాలును. దానికి సరస్సంతయు దారియే. మహానౌకకు దారి యిచ్చినది దాని ఘనతను చూచి కాదు, ఆ ఘనతలోని నిస్సహాయతను చూచి. ఇంత ఉదారమైన నియమము మరియొకటి ఉండదు: అది పేదవానిని ధనికునిపై పగ తీర్చుకొమ్మని చెప్పదు, ధనికుని ముందు వంగుమని చెప్పదు. ఇప్పుడు ఇచ్చట ఎవరు తిరుగలేరో చూడుమని మాత్రము చెప్పును.

ఐతే నియమము ఉదారమైనంత మాత్రమున సముద్రము న్యాయమైనదని అనుకొనరాదు. 2017 జూన్‌లో కొచ్చి తీరమున ఒక సరకు ఓడ చేపల పడవను ఢీకొనగ జాలరులు ప్రాణములు కోల్పోయిరి. వ్రాసిన నియమము వ్రాసినట్లే యుండెను. దారి యీయవలసినది యెవరని తెలిసికొనుట ఒకటి. చీకటిలో కన్ను విప్పి ఎదుటివానిని చూచుట మరియొకటి. కంటితోను చెవితోను ఎల్లప్పుడు కాపలా యుండుమని ఆ నియమావళి తక్కిన వన్నిటికన్న ముందుగ చెప్పుటకు కారణము ఇదియే. చూడనివాడు తొలగడు. తరచుగ బలవంతుని దోషము క్రూరత్వము కూడ కాదు, చూడకపోవుట.

ఒడ్డుపై ఈ చూడకపోవుట ఇంకను గాఢము. దంపతులు మెచ్చుకొను ఈ సరస్సు ఒడ్డుననే, కొచ్చికి దక్షిణముగ, వైక్కం అను ఊరు కలదు. అచ్చటి దేవాలయము చుట్టునున్న వీథులలో నడచుటకు అవర్ణులకు హక్కు లేకుండెను. ఆ దేశమున అగ్రవర్ణులు దారిన వచ్చునప్పుడు ముందుగ కేక వినబడును. తలపై బరువున్నవాడు ఆ బరువుతోనే పొలములోకి దిగి నిలువవలసి యుండెను. సముద్రనియమమునకు ఇది తలక్రిందులైన రూపము: సులభముగ తొలగగలవాడు నేరుగ నడచును, తొలగలేనివాడు తొలగును. 1924 మార్చి 30న దీనికి ప్రతిగ ఆరంభమైన సత్యాగ్రహము 1925 నవంబరు వరకు సాగినది. 1925 మార్చిలో గాంధీజీ అచ్చటికి పోయెను. 1924 వర్షాకాలమున వరద వచ్చి ఆ దారులే నీట మునిగినప్పుడు, కాపలా పోలీసులు పడవలెక్కిరి. సత్యాగ్రహులు మాత్రము నీటిలోనే నిలిచియుండిరి. నడచుటకు వీలులేని దారిపై నడచు హక్కు కొరకు నీటిలో నిలిచిన మనుష్యులు! వారు కోరినది దారి మాత్రము కాదు. తొలగుమని ఆజ్ఞాపింపబడని బ్రతుకు. చివరకు మూడువైపుల దారులు తెరువబడినవి. తూర్పుదారి 1936 నాటి దేవాలయ ప్రవేశ ప్రకటనము వరకు వేచియుండవలసి వచ్చెను.

ఆ కాలము గడచినదని సంతసింపవచ్చును గాని, తొలగింపబడువారి పట్టిక ముగియలేదు. వల్లార్పాడము రేవునకు రోడ్డు, రైలు వేయుటకై 2008 ప్రాంతమున మూలంపిళ్ళి మొదలగు చోట్ల 300కు పైగా కుటుంబములు ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. వారిలో అనేకులు పునరావాసము కొరకు ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చెను. రేవు అవసరమే కావచ్చును. అందరి మేలు కొరకు కొందరు తొలగుట ఒక్కొక్కప్పుడు తప్పనిది కావచ్చును. కాని తొలగినవానికి మరల నిలుచుటకు చోటు చూపకున్నచో దానిని త్యాగమనుటకు వీలులేదు. మెరీనాకు కంచె కలదు. ఉదయము దంపతులు దారి యిచ్చిన వళ్ళము సాయంకాలము ఆ కంచె లోపల కట్టుకొనుటకు రాదు. నీటిపై అరగంట గాలిని వదలుకొని బాకీ తీర్చినామని తలచువారు, ఒడ్డున తీర్చవలసిన బాకీని గూర్చి ఆలోచించుట మంచిది.

వైక్కమునకు తొంబదినాలుగు ఏండ్ల తరువాత, 2018 ఆగస్టులో, కేరళమున మరియొక మహావరద వచ్చినది. ఓడలు బండ్లెక్కునన్న సామెత ఆ దినములలో అక్షరాల నిజమైనది. జాలరులు తమ పడవలను లారీలపై నెక్కించుకొని, ఎవరును పిలువకముందే, సముద్రమునుండి ఊళ్లలోనికి పోయి వేలాది ప్రజలను కాపాడిరి. పడవ ఎత్తుగ నుండి ఎక్కలేక స్త్రీలు నిలిచిపోగా, ఒక యువకుడు నీటిలో మోకరిల్లి తన వీపును మెట్టుగ చేసెను. వారు ఆ వీపుపై కాలు మోపి పడవ ఎక్కిరి. ఆ దృశ్యమును దేశమంతయు చూచినది.

వంచబడుటకును, వంగుటకును గల దూరమును కొలుచుటకు ఇంతకు మించిన దృష్టాంతము అక్కరలేదు. పూర్వము ఎవరిని దారినుండి దిగుమని కేకలు వేసిరో, అట్టి శ్రమజీవుల సంతతివాడు ఎవరి ఆజ్ఞయు లేకుండ, ఎక్కలేనివారిని చూచి, తానే వంగెను. చేయగలవాడు చేయలేనివానికి ఇచ్చుట: సముద్రము అతనికి నేర్పిన నియమమదియే. వంగినందువలన అతని గౌరవము తగ్గలేదు, పెరిగినది. కాని ఇందువలన ఒక సంగతి మరువరాదు. అతడు స్వేచ్ఛగ వంగెను గనుకనే అది మహత్కార్యమైనది. ఎవరినైనను వంగుమని అడుగు హక్కు ఆ దృశ్యము ఎవరికిని ఈయదు. త్యాగమును మెచ్చుకొనుట సులభము. త్యాగము అవసరము కాని లోకమును కట్టుట కష్టము.

సాయంకాలము దంపతులు మెరీనా చేరిరి. ఆయన మోకులు కట్టెను, ఆమె స్టవు వెలిగించెను. చీకటి పడునప్పటికి ఇంకొక పడవ వచ్చినది. దానిలో నున్నవాడు ఒంటరివాడు, చుక్కానిని విడిచి మోకు విసరలేక తడబడుచున్నాడు. మెరీనాలో ఒక ఆచారము కలదు: వచ్చు పడవ మోకును ఒడ్డుననున్నవారు అందుకొందురు. ఎవరు, ఏ ఊరు అని అడుగరు. ఆయన మోకాలు నొప్పితోనే లేచి కాలిబాటపైకి పోయి మోకు పట్టి కట్టెను. వచ్చినవాడు అలసటచే ఒక్క మాటయైనను పలుకకుండ లోపలికి పోయెను.

ఈసారి ఆయన నొచ్చుకొనలేదు. పడవ లోపలికి దిగి, ఆమె గంజి వార్చుటకు లేవగా, మారు మాటలేక కాళ్లు ముడుచుకొని దారి యిచ్చెను.